కోచ్‌పై వేటుతో జట్టు కోలుకుంటుందా? హైదరాబాద్ ఫుట్‌బాల్ ఆధారంగా ఒక పరిశీలన

2020 జనవరిలో హైదరాబాద్ ఎఫ్‌సీ తన ప్రధాన కోచ్ ఫిల్ బ్రౌన్‌ను తప్పించింది. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆ క్లబ్‌కు అదే తొలి సీజన్. అప్పటికి 12 మ్యాచ్‌లు ఆడి ఒకటి గెలిచింది, రెండు డ్రా చేసుకుంది, 5 పాయింట్లతో అట్టడుగున ఉంది. మిగిలిన 6 మ్యాచ్‌ల్లో మరో 5 పాయింట్లు వచ్చాయి. మ్యాచ్‌కు 0.42గా ఉన్న సగటు 0.83కు పెరిగింది. వేటు ఫలించిందని వాదించేవారికి ఈ లెక్క చాలు.

కానీ ఆ పాయింట్లు ఎక్కడ వచ్చాయో విడదీసి చూస్తే కథ మారిపోతుంది. ఆ ఆరింటిలో మొదటి అయిదు మ్యాచ్‌ల్లో మూడు ఓటములు, రెండు డ్రాలు. గెలిచింది సీజన్‌లోని ఆఖరి మ్యాచ్ ఒక్కటే. అది గువాహటిలో, పట్టికలో తమకు సరిగ్గా ఒక మెట్టు పైన ముగించిన నార్త్‌ఈస్ట్ యునైటెడ్ మీద 5–1 తేడాతో. ఆ మ్యాచ్‌ను పక్కన పెడితే సగటు 0.40. బ్రౌన్ ఉన్నప్పటికంటే ఏమీ మెరుగు కాదు. పది జట్లలో పదో స్థానం అలాగే మిగిలింది.

ఈ ప్రశ్న పరిశోధకులకు కొత్తది కాదు. నాయకుడిని మార్చడమే జట్టును ఇంకా కుంగదీస్తుందని 1963లో అమెరికన్ బేస్‌బాల్‌ను పరిశీలించిన ఆస్కార్ గ్రుస్కీ భావించారు. మరుసటి ఏడాది గామ్సన్, స్కాచ్ వేరే మాట అన్నారు: వేటు వల్ల ఫలితాల్లో పెద్దగా తేడా ఉండదు, అభిమానుల కోపం చల్లార్చడానికి ఒకరిని బలి ఇస్తారంతే. నా దృష్టిలో అసలైన పద్ధతి బాస్ టెర్ వీల్‌ది. డచ్ లీగ్‌లో 1986 నుంచి 2004 వరకు కోచ్‌ను తప్పించిన జట్లను, అంతే దారుణంగా పడిపోయినా కోచ్‌ను ఉంచుకున్న జట్లతో ఆయన పోల్చి చూశారు. వేటు వేసినందువల్ల అదనంగా ఒనగూరిన మేలు కనబడలేదు. కారణం ఊహించలేనిది కాదు. వరస ఓటముల్లో జట్టు బలహీనత కొంత, దురదృష్టం కొంత ఉంటాయి. సరిగ్గా దురదృష్టం పరాకాష్ఠకు చేరినప్పుడే వేటు పడుతుంది. ఆ తర్వాత ఎవరున్నా ఫలితాలు కాస్త కోలుకుంటాయి, ఆ ఘనత కొత్తగా వచ్చినవారి ఖాతాలో పడుతుంది.

అలాగని హైదరాబాద్ ఎఫ్‌సీ బాగుపడలేదా? బాగుపడింది, అదీ అద్భుతంగా. బ్రౌన్ తర్వాతి కాలానికి ఎంపికైన ఆల్బర్ట్ రోకా 2020 ఆగస్టులో బార్సిలోనాకు వెళ్లిపోయారు. ఆ నెలాఖరున మనోలో మార్కెజ్ వచ్చారు. 2020–21లో జట్టు 20 మ్యాచ్‌ల్లో మూడే ఓడి, 29 పాయింట్లతో అయిదో స్థానంలో నిలిచింది. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి కప్పు గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమణి ఆ రోజు మూడు పెనాల్టీలు ఆపాడు. ఇది మార్కెజ్ గొప్పతనమే, సందేహం లేదు. అయితే ఆయనకు దొరికినవేమిటో కూడా చూడాలి. సీజన్ మొదలవడానికి ముందు సన్నద్ధమయ్యే వ్యవధి, కొత్తగా కూర్చిన జట్టు, ఆకాశ్ మిశ్రా వంటి యువకులను నమ్మి ఆడించే స్వేచ్ఛ, మరుసటి ఏడాది ఒగ్బెచె వంటి స్ట్రైకర్. జనవరిలో పడిన వేటు వీటిలో దేన్నీ ఇవ్వలేదు.

కోచ్‌కు వ్యవధి, నిలకడ దొరికితే ఏమవుతుందో చూడాలంటే నగరపు పాత చరిత్రను తీసుకురాక తప్పదు. అబిడ్స్, నాంపల్లి, బషీర్‌బాగ్‌ల నడుమ ఉన్న ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. ఆ పరిసరాల్లో ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ సిటీ పోలీస్, సిటీ పోలీస్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. 1950 నుంచి 1963లో కన్నుమూసే వరకు రహీం సాబే కోచ్. ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు కనుక నెల తిరిగేసరికి జీతం చేతికందేది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆయన శిక్షణలోని భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1తో చిత్తుగా ఓడింది. ఈనాటి క్లబ్బు యాజమాన్యం అయితే మర్నాడే ప్రకటన విడుదల చేసేది. కానీ ఆ ఓటమితో ఆయనకు తలుపులు మూసుకుపోలేదు. 1956 మెల్‌బోర్న్‌లో ఆయన జట్టు నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. ఆయన పోయాక కూడా 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. రహీం పెంచిన ఆటగాళ్ల కూటమి ఆయన తర్వాత కూడా కొంతకాలం నిలిచిందనడానికి దీన్ని ఆధారంగా తీసుకుంటాను. ఆ తర్వాత ఆ ట్రోఫీ తెలుగు నేలకు రాలేదు.

2023–24లో హైదరాబాద్ ఎఫ్‌సీ పరిస్థితి రహీం కాలపు ఆ నిలకడకు పూర్తిగా తలకిందులు. జీతాలు బకాయి పడ్డాయి, కొత్త ఆటగాళ్లను తీసుకోకుండా నిషేధం వచ్చింది, విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. 22 మ్యాచ్‌ల్లో ఒక్క గెలుపు, 8 పాయింట్లు. రెండేళ్ల కిందటి విజేత అట్టడుగుకు చేరింది. కుర్రాళ్లతో ఆ సీజన్‌ను ఈడ్చుకొచ్చిన కోచ్ తంగ్‌బోయి సింగ్‌టో మీదే 2024 డిసెంబరులో వేటు పడింది. సీజన్ ముంగిట హడావుడిగా పోగుచేసిన జట్టును షమీల్ చెంబకత్‌కు అప్పగించారు. ఆయన పట్టుదలగా పనిచేశారు, అయినా 13 జట్లలో 12వ స్థానమే దక్కింది. సింగ్‌టోకు జరిగింది అన్యాయమనే నా అభిప్రాయం. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఒక్క క్లబ్బులో పడిన రెండు వేట్లతో సాధారణ సూత్రం చెప్పలేం. కోచ్ ప్రభావాన్ని విడిగా కొలవాలంటే భారత లీగుల్లో ప్రతి తొలగింపు పక్కనా జీతాలు అందిన తేదీలు, నిషేధాల వివరాలు, సన్నద్ధతకు దొరికిన వారాలు నమోదు కావాలి. సూపర్ లీగ్ రికార్డుల్లో మ్యాచ్ స్కోర్లు పదిలంగా ఉన్నాయి, ఈ మూడింటినీ వాటి పక్కన చేర్చే పని మొదలుపెట్టాలి.