కోరంగి పేరు, బర్మా రుచి: ఒక వలస వంటకపు చరిత్ర

విశాఖపట్నంలో కంచరపాలెం దాపున ఉన్న బర్మా క్యాంపు 1960వ దశకంలో బర్మా నుండి తిరిగివచ్చిన తెలుగు కుటుంబాల వాడ. అక్కడి కుటుంబాలు నడిపే చిన్న తిండి దుకాణాలలో దొరికే ‘ఖావ్‌స్వే’ నగరవాసులకు పరిచితమైన వంటకం. తూర్పుతీరపు వలసను పరిశీలించినవారు ఓడల రాకపోకలను, కూలిరేట్లను, జనాభా లెక్కలను ఆధారాలుగా తీసుకున్నారు. ఈ పళ్లెం కూడా అటువంటి ఆధారమే. ఆ పత్రాలలో కనిపించని కొన్ని సంగతులను ఇది చెబుతుంది.

బర్మాలో తెలుగువారికి ‘కోరంగీలు’ అని పేరు. గోదావరి ముఖద్వారం వద్ద కాకినాడకు సమీపంలో ఉన్న కోరంగి రేవు నుండి ఆ పేరు వచ్చింది. 1839 నాటి తుపాను ఉప్పెనలో ఆ రేవు ధ్వంసమైంది. తరువాతి కాలంలో కూలీలు కాకినాడ, విశాఖపట్నం, భీమునిపట్నం, కళింగపట్నం రేవుల నుండి ఓడ ఎక్కారు. అయినా రంగూన్‌లో వారందరూ కోరంగీలే. రేవు పోయినా పేరు మనుషులకు అంటుకొని మిగిలింది. ఉత్తరాంధ్ర వాడుకలో ‘రంగం పోవడం’ అంటే రంగూన్‌కు వలస వెళ్లడం. బోనాల సందర్భంలో భవిష్యవాణిగా ‘రంగం’ను ఎరిగిన తెలంగాణ పాఠకులకు ఈ అర్థం కొత్తగా తోచవచ్చు.

1852లో దిగువ బర్మా, 1885 యుద్ధంతో ఎగువ బర్మా ఆంగ్లేయుల వశమైన తరువాత బియ్యం ఎగుమతి పెరిగింది. రంగూన్ రేవులో మూటలు మోయడానికి, బియ్యపు మిల్లులలో పనికి, రిక్షా లాగడానికి తెలుగు కూలీలు పెద్ద సంఖ్యలో వెళ్లారు. మేస్త్రీ బయానా ఇచ్చి జట్టును కుదుర్చుకొనేవాడు; ఆ అప్పు తీరేదాకా కూలీ అతని అధీనంలో ఉండేవాడు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు 10 లక్షలు దాటారు. రంగూన్ జనాభాలో సగానికి మించి వారే. తెలుగు వలసలో మగవారే అత్యధికులు.

ఈ చివరి అంశం వంట చరిత్రకు కీలకం. బర్మీయులు దోసెను ‘తోషే’ అంటారు. ఈ ఉచ్చారణ తెలుగు ‘దోసె’ కంటే తమిళ ‘తోసై’కి దగ్గర. వారి ‘డాన్‌బౌక్’ బిర్యానీకి మూలం పారశీక ‘దమ్ పుఖ్త్’. రేవులోనూ మిల్లులలోనూ అంతమంది తెలుగువారు ఉన్నా, బర్మా భోజనపదాలలో ‘ఇది తెలుగుది’ అని నిశ్చయంగా చూపగల మాట సులభంగా దొరకదు. కుటుంబాన్ని ఊళ్లో వదిలి, జట్టుతో కలిసి ఒకే గదిలో తలదాచుకొని, అప్పు తీర్చుకొని తిరిగివచ్చే కూలీకి హోటలు పెట్టే వీలెక్కడిది? పదకోశంలోని ఈ లోపం వలస స్వభావానికి సాక్ష్యంగా నిలుస్తుంది.

ఆ జీవితం ఎంత అభద్రమైనదో 1930 మే నెల చెప్పింది. రేవు కూలీలు సమ్మె చేయగా యాజమాన్యాలు బర్మీయులను పనిలోకి తీసుకొన్నాయి. సమ్మె ముగిశాక వారిని తొలగించడంతో చెలరేగిన అల్లర్లలో ఎందరో తెలుగు కూలీలు హతులయ్యారు. 1937లో బర్మా భారతదేశం నుండి వేరుపడింది. 1941 డిసెంబరులో జపాను బాంబుదాడుల తరువాత లక్షలమంది అరకాన్, అస్సాం దారులలో కాలినడకన బయలుదేరారు. దారిలో మరణించినవారి లెక్క ఎవరూ సరిగా రాయలేదు.

ఇక్కడొక భేదాన్ని గుర్తించాలి. 1942 తరువాత కూడా అక్కడ ఉన్నవారు, యుద్ధానంతరం తిరిగి వెళ్లినవారు చాలావరకు కుటుంబాలతో స్థిరపడినవారు. పిల్లలు అక్కడే పుట్టారు, బర్మీ భాష నేర్చారు. ఇంటి పొయ్యి మీదికి బర్మా వంట ఈ దశలోనే చేరిందని భావించడం సమంజసం. అంటే ఈ వంటకాన్ని మోసుకొచ్చింది రేవు కూలీల తరం అనడం కన్నా, ఇళ్లు నడిపిన స్త్రీల తరం అనడం యుక్తం. ఓడల జాబితాలలో వారు ఎవరి భార్యగానో, ఎవరి తల్లిగానో మాత్రమే కనిపిస్తారు.

1962లో జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకొన్నాడు. 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి, పెద్ద నోట్లు రద్దయ్యాయి. సుమారు 3 లక్షలమంది భారతీయులు ఆ దశకంలో దేశం విడిచారు. నగదు, నగలు తెచ్చుకోవడానికి కఠినమైన పరిమితులుండేవి. సుంకపు అధికారి పట్టుకోలేని ఆస్తి చేతిపని ఒక్కటే.

‘ఖావ్‌స్వే’ అనే మాటలో మడత, లాగడం అనే రెండు ధాతువులున్నాయి. పిండిని లాగి మడిచే పద్ధతి పేరులోనే నిలిచింది. కొబ్బరిపాలతో చేసేది ‘ఒన్నో ఖావ్‌స్వే’: ‘ఒన్’ కొబ్బరి, ‘నో’ పాలు. దాని పులుసును శనగపిండితో చిక్కబరుస్తారు. వేయించిన ఉల్లి, కారం, నిమ్మరసం పైన చేరతాయి. ఇవన్నీ తెలుగు వంటింట్లో ఉన్నవే. ఊరవేసిన తేయాకుతో చేసే ‘లపెట్’ బర్మాలో ఎంతో ఆదరణ పొందినా, షాన్ కొండల తేయాకు ఇక్కడ దొరకదు కనుక అంతగా వేళ్లూనలేదు. బతికి బట్టకట్టిన వంటకాలను ఎంచింది జ్ఞాపకం మాత్రమే అనుకోరాదు. అంగడికీ అందులో భాగముంది. చెన్నై బర్మా బజారు పరిసరాలలో ఇదే కథ మరో పేరుతో సాగింది. బర్మీ భాషలో ‘అథోక్’ అంటే చేత్తో కలిపిన వంటకం. అది అక్కడ ‘అత్తో’ అయి, చింతపండు రసంతో, క్యాబేజీతో, ఎర్రటి నూడుల్స్‌తో వీధి తిండిగా స్థిరపడింది.

ఉత్తర తెలంగాణ వలసదారి వేరు. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలవారు బొంబాయికి, భీవండికి, 1970ల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లారు. ఇప్పుడు కరీంనగర్‌లో మందీ వడ్డించే హోటళ్లున్నాయి. అయితే మందీకి హైదరాబాదులో మరో పాత దారి ఉంది. నిజాం సైన్యంలో చేరిన హద్రమౌత్ అరబ్బుల బార్కస్ వాడ అది. కాబట్టి కరీంనగర్ మందీ ఎడారి నుండి నేరుగా వచ్చిందా, బార్కస్ మీదుగా వచ్చిందా అన్నది ఆ వంటగదులలోని మాటలను సేకరిస్తేనే తేలే విషయం. గల్ఫ్ కూలీ కూడా రంగూన్ కూలీలాగే కుటుంబాన్ని ఊళ్లో వదిలి వెళ్లినవాడు.

రంగూన్‌లో కోరంగి పేరుతో బతికిన కుటుంబాలను విశాఖలో ‘బర్మావాళ్లు’ అన్నారు. రెండు చోట్లా వారిని పిలిచింది వారు విడిచి వచ్చిన చోటి పేరుతోనే. తేడా ఒకటుంది: ‘కోరంగీ’ అన్న పిలుపులో చులకన ధ్వనించేది, బర్మా అన్న పేరు మాత్రం ఆ దుకాణానికి గిరాకీ తెచ్చింది.