సోమశిల డ్యామూ, లెగో బుల్డోజరూ

లెగో ముక్కలతో జేసీబీలూ టిప్పర్లూ సొంత డిజైన్లో కట్టే సరదా మన ఐటీ జనాల్లో కొంతమందికి ఉంది. దానికీ నెల్లూరు జిల్లా సోమశిలకీ ఏంటి సంబంధం అంటారా? కాలం ఒకటే మరి.

1932లో డెన్మార్క్‌లో ఓ వడ్రంగి చెక్క బొమ్మలతో మొదలెట్టిన వ్యాపారమే లెగో. ఇప్పటి ప్లాస్టిక్ ముక్కకి పేటెంటు 1958 నాటిది. 1977లో గేర్లూ ఇరుసులతో టెక్నికల్ సెట్లొచ్చాయి, 1979లో వాటిలోనే బుల్డోజరొచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పెన్న మీద సోమశిల కడుతున్నారు. 1975లో మొదలైన పని 1989 దాకా సాగింది. జలాశయం 78 టీఎంసీలు.

1958 నాటి ముక్క ఇవాళ్టి ముక్కకీ అతుక్కుంటుంది. మన భాషలో బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ అన్నమాట. నచ్చకపోతే విప్పేసి మళ్ళీ కట్టుకోవచ్చు. కానీ డ్యాము వెనక, కడప జిల్లా అట్లూరు, ఒంటిమిట్ట, నందలూరు వైపు మునిగిన ఊళ్ళకి అన్‌డూ లేదు. ఆ నీళ్ళతోనే నెల్లూరు మాగాణి పండుతోంది, అదీ నిజమే.

అంచేత మీ పిల్లలతో కూర్చుని బుల్డోజరు కట్టేటప్పుడు ఈ కథ కూడా చెప్పండి. ఎవరి పొలం తడిసిందో, ఎవరి ఊరు మునిగిందో... రెండూ.