ఇంగ్లీషువాళ్లు అడ్డుకున్న బందరు బట్ట

దగ్గరికి జరగండర్రా, మంట బాగా అందుకుంది. రొయ్యల మీద అమెరికా వాళ్లు సుంకం వేశారంటే ఏంటి తాతయ్యా అని అడిగావు కదరా బుజ్జీ, చెప్తా. ముందు మన బందరు బట్ట సంగతి వినండి.

1611లో ఇంగ్లీషువాళ్లు బందరులో కొట్టు పెట్టారు, మన బట్టల కోసమే. పెడనలో అద్దకం చూశారుగా? గుడ్డని కరక్కాయ, గేదెపాలల్లో తడిపి ఆరేస్తారు. తుప్పు ఇనుము, బెల్లం ఊరబెడితే నలుపు. పటిక అద్ది చిరువేరుతో ఉడకబెడితే ఎరుపు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ రంగు దిగదు. అదీ మనవాళ్ల పనితనం!

లండనులో ఆడవాళ్లు ఈ బట్టల కోసం ఎగబడ్డారు. అక్కడి నేతగాళ్లకి పని తగ్గింది. ఇండియా అద్దకం బట్ట కట్టకూడదని 1700లో చట్టం చేశారు. అయినా మోజు తగ్గలేదు. 1719లో నేతగాళ్లు వీధుల్లో పడి, అలాంటి బట్ట కట్టినవాళ్ల గౌన్లు చింపారు. 1721లో ఇంకా గట్టి చట్టం తెచ్చి, కట్టినవాళ్లకి జరిమానా అన్నారు. తర్వాత్తర్వాత మన బట్ట మీద నూటికి 70, 80 దాకా సుంకం వేశారు. వాళ్ల మిల్లు గుడ్డ మాత్రం నామమాత్రపు సుంకంతో మన సంతల్లో దిగింది. మన మగ్గాలు మూలపడ్డాయి.

రొయ్యలదీ అలాంటి సంగతే. వంద రూపాయల సరుకు మీద యాభై సుంకమైతే, అక్కడ కొనేవాడికి నూటయాభై పడుతుంది. వాడు ఈక్వెడార్ రొయ్యల వైపు చూస్తాడు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతం కాగానే కైకలూరు, భీమవరం చెరువుల దగ్గర రేటు పడింది. మేత అప్పు మాత్రం తగ్గదుగా! షెడ్లలో రొయ్యలు ఒలిచే అమ్మలక్కల కూలీకీ దెబ్బే.

అలాగని సుంకం వేసేవాళ్లంతా చెడ్డోళ్లు కాదమ్మా. 2024 సెప్టెంబరులో మన ప్రభుత్వం బయటి దేశాల నుంచి వచ్చే ముడి పామాయిలు మీద మూల సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. నూజివీడు వైపు పామాయిలు గెలలు కోసే రైతుకి మంచి ధర వచ్చింది. మనింటి నూనె ప్యాకెట్టూ ప్రియమైంది.

అందుకే సుంకం మాట వింటే మూడు అడగండి. ఎవరికి పని నిలుస్తుంది? ఎవరికి పోతుంది? చివరికి డబ్బు ఎవరి జేబులోంచి పోతుంది? బందరు నేతగాళ్లకి అడిగే దారే లేకపోయింది, ఏలేవాళ్లే సుంకం వేసేవాళ్లు. మీకు రేపు ఓటొస్తుంది. నిలబడి అడగండి.