విశ్వాసము, క్రియలు: పాలమూరు, నల్లగొండ సంఘాలలో ఒక పాత ప్రశ్న



చాలా ఏళ్ళ క్రితం, మేము కాపరిగా ఉన్న ఒక పల్లె సంఘంలో ఒక సహోదరి భర్త బొంబాయిలో చనిపోయాడు. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకొని వలసపోయిన మనిషి. ఏడాదికి ఒకటి రెండుసార్లు ఊరికి వచ్చేవాడు, ఆదివారం ఆరాధనలో కనబడింది తక్కువ. సంఘ చందా ఐదేళ్ళ బాకీ. శవం ఊరికి వచ్చిన రోజున, రిజిస్టరులో పేరు కొట్టివేసి ఉంది గనుక సంఘ సమాధుల తోటలో స్థలం ఇవ్వడం కుదరదని పెద్దలు అన్నారు. ఆ తల్లి కొంగుముడి విప్పి, నోట్లు మా బల్లమీద పెట్టి, “అయ్యగారూ, ఈ పైసలు కడితే ఆయన పరలోకం పోతడా?” అని అడిగింది. రక్షణ డబ్బుతో వచ్చేది కాదమ్మా, అది దేవుని ఉచిత కృప అని చెప్పాము. చెప్పి, ఆ డబ్బు తీసుకొని రసీదు రాశాము. ఆయనకు స్థలం దొరికింది.

విశ్వాసము వలననే రక్షణా, క్రియలు కూడా కావాలా అని పాఠకులు మమ్మల్ని అడిగినప్పుడల్లా ఆ రసీదు గుర్తుకొస్తుంది. మన సంఘాలలో ఈ ప్రశ్నకు నోటితో చెప్పే జవాబు ఒకటి, రిజిస్టరు చెప్పే జవాబు ఇంకొకటి. అందుకే ఈ వారం వాక్యంతో పాటు మన జిల్లాల సంఘ చరిత్రను కూడా కొంత చూడాలని అనుకున్నాము.

మొదట వాక్యం. మనుష్యుడు ధర్మశాస్త్ర క్రియలు లేకుండానే విశ్వాసం వలన నీతిమంతుడుగా తీర్చబడతాడని పౌలు రోమా 3:28లో అంటాడు. విశ్వాసం ఒక్కదానివల్లనే కాదు, క్రియల వల్ల కూడా అని యాకోబు 2:24లో అంటాడు. పైకి చూస్తే ఒకరి మాటను ఒకరు కొట్టివేసినట్టే ఉంది. పైగా ఇద్దరూ సాక్షిగా పిలిచింది ఒకే మనిషిని, అబ్రాహామును. కానీ పౌలు చేతిలో ఉన్నది ఆదికాండము 15వ అధ్యాయం. అక్కడ అబ్రాహాముకు ఇంకా బిడ్డ లేడు, సున్నతి లేదు, ఉన్నదల్లా ఆకాశంలో నక్షత్రాలు, దేవుని వాగ్దానం. యాకోబు ఆ వచనాన్ని కాదనడు, దానితో పాటు 22వ అధ్యాయం కూడా తెరుస్తాడు. అక్కడ అదే అబ్రాహాము ఇస్సాకును తీసుకొని కొండ ఎక్కుతున్నాడు. రెండింటికీ మధ్య ఎన్నో ఏళ్ళ నడక ఉంది. దేవుడు అబ్రాహామును అంగీకరించింది ఆ నడకకు ముందే, అది అంగీకారమేనని తేలింది ఆ నడకలో.

ఇద్దరి ఎదుట ఉన్న మనుషులు కూడా వేరు. గలతీయలో అన్యజనులను గుమ్మం దగ్గర నిలబెట్టి, ముందు సున్నతి పొందండి, తర్వాత లోపలికి రండి అన్నవారితో పౌలు పోరాడాడు. యాకోబు మాట్లాడుతున్నది ఇదివరకే లోపల కూర్చున్నవారితో. బంగారు ఉంగరం వాడికి మంచి పీట, మాసిన బట్టలవాడికి నిలబడే చోటు ఇచ్చిన సంఘం అది (2:2-3). చేను కోసిన కూలీల కూలి బిగబట్టినవాళ్ళ గురించి కూడా అదే పత్రికలో ఉంది (5:4). అంటే యాకోబు లెక్కలోని క్రియలు చందాలు, హాజరు కావు. పక్కవాడి కడుపు, పక్కవాడి కూలి, పక్కవాడి పీట. ఎఫెసీ 2:8-9 కంఠతా వచ్చిన విశ్వాసులు మనలో లెక్కలేనంతమంది. దాని తర్వాతి 10వ వచనం, సత్క్రియల కోసమే మనం సృజించబడ్డామని చెప్పేది, అంతమందికి రాదు. ఇది మా సండేస్కూలు లోపం కూడా.

సంఘ చరిత్రలో ఈ తగవు పెద్దదైంది 16వ శతాబ్దంలో. మార్టిన్ లూథర్ 1522లో తన కొత్త నిబంధన అనువాదానికి రాసిన పీఠికలో యాకోబు పత్రికను గడ్డి పత్రిక అన్నాడు. అదే లూథర్ రోమా పత్రిక పీఠికలో, విశ్వాసం సజీవమైనదని, మంచి చేయకుండా ఊరుకోలేనిదని కూడా రాశాడు. ఈ రెండో మాట మన ఉజ్జీవ సభల్లో ఎందుకో వినబడదు. కతోలికులు క్రియలతో పరలోకం కొనుక్కుంటారని మన ప్రసంగికులు కొందరు అంటుంటారు. 1976 నుండి నల్లగొండ పీఠంగా ఉన్న కతోలిక సహోదరులు మన పొరుగువారే, వారి గురించి అబద్ధసాక్ష్యం పలకవద్దు. 1547లో ట్రెంట్ మహాసభ చేసిన తీర్మానంలోనే, నీతిమంతుడుగా తీర్చబడటానికి ముందున్న ఏదీ, విశ్వాసమైనా క్రియలైనా, ఆ కృపను సంపాదించలేదని ఉంది. అసలు భేదం వేరొక చోట ఉంది. నీతిమంతుడని దేవుడు ప్రకటించడమేనా, లేక లోపల నీతిమంతుడుగా మార్చడం కూడా అందులో భాగమా, ఆ నీతి క్రియలచేత పెరుగుతుందా అన్న దగ్గర. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, రోమన్ కతోలిక సంఘం ఈ విషయంపై ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. కొన్ని భేదాలు మిగిలాయి, శాపనార్థాలు మాత్రం పోయాయి.

ఇప్పుడు మన నేలకు వద్దాము. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1885లో పాలమూరులో స్టేషను పెట్టింది. 1890 ప్రాంతంలో నల్లగొండకు వచ్చిన అబ్రాహాం ఫ్రీసెన్ దంపతులు రష్యా దేశపు మెన్నోనైట్ బ్రదరెన్, పనిచేసింది మాత్రం ఆ బాప్టిస్టు మిషన్ కిందనే. 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులతో అమెరికా మెన్నోనైట్ బ్రదరెన్ పని మొదలై నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, గద్వాల వైపు వ్యాపించింది. ఈ మెన్నోనైట్ బ్రదరెన్ పుట్టుకే మన ప్రశ్నలో ఉంది. 1860లో దక్షిణ రష్యాలో కొన్ని కుటుంబాలు పాత సంఘం నుండి విడిపోయాయి. ఆ కాలనీలలో పుట్టిన ప్రతివాడూ సంఘ సభ్యుడే, కానీ తాగుడు, తగాదాలు అలాగే ఉన్నాయి, తిరిగి జన్మించిన అనుభవం లేదు అని వారి బాధ. కాబట్టి వారు రెండూ అడిగారు, వ్యక్తిగత విశ్వాసమూ, మారిన బ్రతుకూ. ఆ రెండూ కలిసే మన ఊళ్ళకు వచ్చాయి.

మారిన బ్రతుకు అంటే ఇక్కడ ఏమిటి? దీనికి నమూనా అంతకుముందే ఒంగోలులో తయారైంది. యెర్రగుంట్ల పేరయ్య సాక్ష్యంతో మాదిగ పల్లెలు కదిలినప్పుడు జాన్ క్లౌ దొర విశ్వాసుల ముందు పెట్టినవి మూడే: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకొని ఆయన వేలమందికి కూలి చూపించాడు. కానీ ఆ సాయం సాగినంత కాలం బాప్తిస్మం ఇవ్వలేదు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని. సాయం ఆగిన తర్వాత కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ మూడు నియమాలను ఈనాడు చదివి, ఇవి క్రియలు కావా, పౌలు ఒప్పుకుంటాడా అని మా బైబిలు కళాశాల రోజుల్లో మేమూ వాదించాము. ఇప్పుడు వేరుగా కనబడుతోంది. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం, తోలు తీయడం, జాతరలో డప్పు కొట్టడం ఆనాడు ఊరికి చేయవలసిన వెట్టి. ఆదివారం పనికి రాననడం పటేలు ముఖం మీద చెప్పే మాట. ఆ మాట చెప్పినవాడికి కళ్ళంలో గింజలు ఆగిపోతాయి, బావి దగ్గర దెబ్బలు పడతాయి. అంత నష్టం భరించి రక్షణ కొనుక్కోవాలని ఎవడూ అనుకోడు. తనను ఇదివరకే ఒకడు కొన్నాడని నమ్మినవాడే ఆ నష్టం భరిస్తాడు. అయితే మాంసం మీద పెట్టిన ఆ నియమంలో సువార్త ఎంత, పై కులాల ఏవగింపు ఎంత అన్నది అడగవలసిన ప్రశ్నే. రోమా 14 చదివినవారు తినడం తినకపోవడం దగ్గర ఒకరినొకరు తీర్పు తీర్చకూడదు.

తర్వాతి తరాలలో ఏం జరిగింది? వెట్టి పోయింది, పటేలు పోయాడు, జాబితా మాత్రం మిగిలి పెరిగింది. నగలు, సినిమా, బొట్టు, కల్లు, చందా, హాజరు. వీటిలో కొన్ని మంచివే. కల్లు దుకాణం దగ్గర కూలి డబ్బు పోకుండా ఆగినందుకు దేవుణ్ణి స్తుతించే ఇల్లాళ్ళను మేమెరుగుదుము. కానీ జాబితాలోకి ఎన్నడూ ఎక్కనివి చూడండి. మాల సంఘం, మాదిగ సంఘం అని వేరువేరుగా కూర్చోవడం, పెళ్ళి సంబంధం దగ్గర ఉపకులం అడగడం, సొంత పొలంలో కూలికి సగం డబ్బులు ఆపడం. వీటికోసం ఎవరినైనా ప్రభు బల్ల నుండి ఆపిన సంఘాన్ని మేము చూడలేదు. యాకోబు రాసింది సరిగ్గా వీటి గురించే.

ఇంకొక మలుపు ఉంది. క్రియలను తోసివేశామనుకొని విశ్వాసాన్నే ఒక క్రియగా చేసేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. నల్లగొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి వైపు బోరు నీళ్ళలోని ఫ్లోరైడుతో ఎముకలు వంగిపోయిన మన జనం సంగతి అందరికీ తెలుసు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పేరే ఉంది. అలా వంగిన ఒక పెద్దమనిషిని స్వస్థత కూటమి వేదిక ఎక్కించి, ప్రార్థించి, నడుము నిలవకపోతే “నీ విశ్వాసం చాలలేదు” అని దింపడం మేము కళ్ళారా చూశాము. ఇది కూడా రసీదు పుస్తకమే, డబ్బుకు బదులు విశ్వాసం జమ కడుతున్నారు, అంతే. బట్టలేనివానికి, తిండిలేనివానికి వట్టి దీవెన పలికి పంపేవారిని యాకోబు 2:15-16లో అడిగినది ఇక్కడ అడగాలి. ఆ ఊరిలో శుద్ధమైన నీళ్ళ కోసం ఆ వేదిక మీదివారు ఎప్పుడైనా ఒక అర్జీ పెట్టారా?

బాప్తిస్మం గురించి కూడా ఉత్తరాలు వస్తున్నాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు 3వ పేరా ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులకు విస్తరించలేదు. మన రాష్ట్రంలో క్రైస్తవుడైన షెడ్యూల్డు కులస్థుడు బి.సి.-సి కిందికి వస్తాడు. అందువల్ల ప్రతి ఆదివారం మందిరంలో కూర్చుంటూ నీళ్ళలోకి దిగనివారు ఉన్నారు. “హృదయంలో నమ్మాము, రక్షణ లేదా?” అని వారి ప్రశ్న. సిలువ మీది దొంగ ఏ నీటిలో దిగాడు? రక్షించేది క్రీస్తు, నీరు కాదు. అయితే మనుష్యుల ఎదుట తనను ఒప్పుకోమన్నది కూడా ఆ క్రీస్తే (మత్తయి 10:32), ఆ మాటను మేము మెత్తబరచలేము. కానీ కులపత్రం పోతే ఏమీ నష్టం లేని ఇంట్లో పుట్టిన ప్రసంగికుడు ఈ విషయంలో గొంతు తగ్గించి మాట్లాడటం మంచిది.

హీబర్ట్ కుటుంబానికే చెందిన పాల్ హీబర్ట్ 1960లలో మన పాలమూరు ప్రాంతంలో మిషనరీగా ఉండి, తర్వాత ప్రపంచం ఎరిగిన మానవశాస్త్రవేత్త అయ్యాడు. ఇక్కడి గ్రామ జీవితంపై 1971లో ‘కొండూరు’ అనే గ్రంథం వెలువరించాడు. 1978లో రాసిన ఒక వ్యాసంలో ఆయన పాపయ్య అనే చదువురాని పల్లెటూరి మనిషిని మన ముందు నిలబెడతాడు. పాపయ్య మొదటిసారి సువార్త విని ఇంటికి వెళ్ళాడు. ఇప్పుడతడు క్రైస్తవుడా? ఎంత తెలిసి ఉండాలి? ఏమేమి మానివేసి ఉండాలి? గీత గీసి ఇటువాడు, అటువాడు అని చూస్తే జవాబు దొరకదని, క్రీస్తును మధ్యలో పెట్టి అతడు ఎటు తిరిగి ఉన్నాడో చూడాలని హీబర్ట్ ఆలోచన. దగ్గరున్నవాడు వీపు తిప్పి ఉండవచ్చు, దూరాన ఉన్నవాడు ఇటువైపు అడుగు వేస్తూ ఉండవచ్చు. పౌలునూ యాకోబునూ కలిపి చదవడానికి మన మట్టిలో దొరికిన మంచి సాయం ఇది. తిరగడం విశ్వాసం. తిరిగినవాడు నడుస్తాడు.

ఆ బొంబాయి సహోదరుడు ఎటు తిరిగి ఉండెనో మేము ఎవరినీ అడగలేదు. రిజిస్టరు చూశాము. తర్వాత ఆ డబ్బు తిరిగి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. రసీదును ఆయన బాప్తిస్మపు పత్రంతో పాటు ట్రంకుపెట్టెలో దాచుకున్నానని చెప్పింది.

కొన్నేళ్ళకు ఆ సంఘంలో నిబంధన మార్చాము. చందా బాకీ ఉన్నవారికి సంఘ ఎన్నికలలో ఓటు ఉండదు, సమాధి స్థలానికి, ప్రభు భోజనానికి మాత్రం చందాతో సంబంధం లేదు. ఒక పెద్ద ఒప్పుకోలేదు. పత్తి అమ్మిన ప్రతిసారి దశమభాగం తెచ్చి ఇచ్చే మనిషి ఆయన. “ఉచితమంటే ఎవ్వరు ఇయ్యరు అయ్యగారూ, మందిరం రేకులు ఎవరు మార్పిస్తరు?” అన్నాడు. ఆ ఏడాది చందాలు తగ్గాయి, మరుసటి ఏడాది కూడా. రేకులు మార్చడానికి నాలుగేళ్ళు పట్టింది.