పగడపు గోడ కూలిన కథ

లక్షద్వీప్ నేలను ఏ నదీ మోసుకొచ్చి పోయలేదు. గోరంత పగడపు జీవులు తరతరాలుగా సున్నం పేర్చుకుంటూ పోగా లేచిన నేల అది. మొత్తం 36 దీవులు కలిపినా 32 చదరపు కిలోమీటర్లే. మనుషులుండేవి పది. చుట్టూ ఉన్న పగడపు దిబ్బ అలల్ని బయటే విరిచేస్తే, లోపలి మడుగు ప్రశాంతంగా ఉండేది. ఇసుక అడుగున ఉప్పునీటి మీద తేలే పల్చటి మంచినీటి పొరే దీవివాళ్ల బావులకు ఆధారం.

అక్కడి జాలర్ల వేటంత న్యాయమైన వేట మరొకటి నేనెరగను. మడుగులో చిన్న చేపల్ని ప్రాణాలతో పట్టి, నడిసంద్రంలో ఎరగా చల్లి, సూర (ట్యూనా) చేపల్ని గెడకర్రకు కట్టిన గాలంతో ఒక్కొక్కటిగా లాగుతారు. పట్టినదాన్ని ఉడికించి, పొగబెట్టి, ఎండబెట్టి ‘మాస్’ చేసుకుంటారు. ఆ ఎర చేపల్లో చాలా జాతులు పెరిగేది పగడాల కొమ్మల నీడలోనే.

1998లో ఎల్ నినో వచ్చింది. సముద్రం కాగింది. పగడానికి రంగూ తిండీ ఇచ్చే సూక్ష్మ నాచు, వేడికి దాన్ని వదిలిపోతుంది. వారాల్లో నీరు చల్లబడితే సరే, లేకుంటే ఆకలి చావే. దిబ్బలు ఎముకల్లా తెల్లబడ్డాయి. తర్వాత పాచి కమ్మింది.

అయినా అవి ఓడిపోలేదు. 12 ఏళ్లలో చాలాచోట్ల మళ్లీ చిగిర్చాయి. అంతలో 2010లో రెండో దెబ్బ. ఆరేళ్లకే, 2016లో, మూడోది. గట్టివే మిగిలాయి కాబట్టి చావులు ప్రతిసారీ తగ్గాయి గానీ, తిరిగి లేచే సత్తువా తగ్గింది. అగత్తి, కద్మత్, కవరత్తి దిబ్బల్లో 1998 నాటి సజీవ పగడాల్లో 2022 నాటికి మిగిలింది దాదాపు సగం. 2023 చివర మొదలైన వేడి 2024లో వాటినీ తెల్లబరిచింది.

పోయింది పగడాలే కాదు. అక్కడే బంగారం అనే దీవి పక్కన పరళి-1 అనే చిన్న దీవి ఉండేది. మనుషుల్లేని దీవి. కోతకు గురై పూర్తిగా మునిగిపోయిందని 2017లో తేలింది. ఏడ్చేవాళ్లు లేక ఆ చావు వార్తల్లో ఒక్కరోజు కూడా నిలవలేదేమో!

ఇంత పొదుపుగా బతికినవాళ్ల గోడే ముందు కూలడం నాకు మింగుడుపడదు. దీవివాళ్లు ఓర్పుగలవాళ్లని పొగిడి ఊరుకోవడం అన్యాయం. దిబ్బ కోలుకోవాలంటే కనీసం ఆరేళ్లు వేడి దెబ్బ తగలకూడదంటున్నారు పరిశోధకులు. బొగ్గూ చమురూ మండించే మనమే ఆ గడువు ఇవ్వాలి.