కత్తిరించిన ముక్కలు చెప్పిన రహస్యం

మన శరీరంలోని ఒక్కొక్క కణంలో సుమారు 2 మీటర్ల పొడవు గల డి.ఎన్.ఎ. ఉంటుంది. అదంతా మిల్లీమీటరులో సుమారు నూరో వంతు ఉండే కేంద్రకంలో ఎలా ఇముడుతుంది? డి.ఎన్.ఎ. హిస్టోన్లు అనే ప్రోటీన్లతో కలిసి క్రొమాటిన్‌గా ఉంటుందని శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా తెలుసు. అయితే ప్రోటీన్లు డి.ఎన్.ఎ. పొడవునా పూతలా అంటి ఉంటాయని, ఆ దారమంతా ఒకే తీరుగా మెలితిరిగి ఉంటుందని 1970ల ఆరంభం వరకు చాలామంది భావించేవారు.

1973లో ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయంలో హ్యూయిష్, బర్గోయిన్ ఎలుక కాలేయ కణాల కేంద్రకాలను పరిశీలించారు. డి.ఎన్.ఎ.ను కత్తిరించే ఎంజైము ఒకటి ఆ కేంద్రకాల్లోనే ఉంది. ప్రోటీన్లు లేని డి.ఎన్.ఎ.ను ఇటువంటి ఎంజైము ఎక్కడపడితే అక్కడ కోస్తుంది. ఆ ముక్కలను జెల్‌లో ఉంచి విద్యుత్తు పంపితే మరకలా పరుచుకుంటాయి. క్రొమాటిన్ విషయంలో మాత్రం నిచ్చెన మెట్లవంటి చారలు ఏర్పడ్డాయి! ముక్కల పొడవులు ఒక కనీస పొడవుకు రెట్టింపు, మూడింతలు, నాలుగింతలుగా ఉన్నాయి. అంటే ఎంజైముకు సమాన దూరాల్లోనే దారి దొరుకుతోంది. మధ్య భాగాలకు ఏదో రక్షణ ఉంది.

1974లో కేంబ్రిడ్జిలో మార్కస్ నోల్, బాక్టీరియా నుంచి లభించే మైక్రోకాకల్ న్యూక్లియేజ్ అనే ఎంజైమును వాడి, ఒక్కొక్క మెట్టు సుమారు 200 బేస్ జతల పొడవని కొలిచాడు. అక్కడే రోజర్ కోర్న్‌బర్గ్ ఎనిమిది హిస్టోన్ అణువులకు ఒక యూనిట్ చొప్పున డి.ఎన్.ఎ. అమరి ఉంటుందని ప్రతిపాదించాడు. అమెరికాలో ఓలిన్స్ దంపతులు అదే ఏడాది ప్రచురించిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల్లో క్రొమాటిన్ దారానికి గుచ్చిన పూసల్లా కనిపించింది. ఈ యూనిట్‌కు 1975లో న్యూక్లియోజోమ్ అనే పేరు వచ్చింది.

ఎంజైమును ఇంకా ఎక్కువసేపు పనిచేయనిస్తే పూసల మధ్య దారం అరిగిపోయి సుమారు 147 బేస్ జతలు మిగులుతాయి. హిస్టోన్ల చుట్టూ చుట్టుకొన్న భాగం అదే. 1997లో ఎక్స్-కిరణాల సాయంతో దాని నిర్మాణం వివరంగా వెల్లడైంది.

ఇంతకీ ఈ చుట్టలు సర్దుబాటు కోసమేనా? కాదు. 1976లో వైన్‌ట్రాబ్, గ్రౌడీన్ డి.ఎన్.ఏజ్-1 అనే ఎంజైముతో ప్రయోగాలు చేశారు. కోడి ఎర్ర రక్తకణాల్లో గ్లోబిన్ జన్యువు త్వరగా తెగింది. అది పనిచేయని ఇతర కణాల్లో అలా తెగలేదు. జన్యువులన్నీ ప్రతి కణంలో ఉన్నా, ఏది అందుబాటులో ఉండాలో తేల్చడంలో ఈ చుట్టలకూ పాత్ర ఉందన్నమాట.