పట్టుదలకు పునాది

విద్యార్థి చతికిలబడగానే అతనికి పట్టుదల లేదని తీర్పు చెప్పడం మన పెద్దలకు అలవాటు. మా పట్టిసీమ వైపు నుండి రాజమండ్రి కళాశాలలకు వెళ్ళే పిల్లలకూ ఈ ఉపదేశమే అందుతున్నది. ఇంతకూ పట్టుదల పుట్టుకతో వచ్చే గుణమా? లేక ఆశయమూ, నలుగురి తోడూ కలిసి కల్పించే శక్తియా? 1907 నాటి రాజమండ్రి చరిత్ర దీనికి జవాబు చెబుతున్నదని నా అభిప్రాయం.

1905లో కర్జన్ బెంగాలును విభజించాడు. ఆ ఆందోళన సందేశంతో బిపిన్ చంద్రపాల్ 1907 ఏప్రిల్‌లో రాజమండ్రి వచ్చాడు. ఆయన ఉపన్యాసాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో వినిపించాడు. ప్రభుత్వ కళాశాల విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు ధరించి తరగతులకు వెళ్ళారు. ప్రిన్సిపాల్ మార్క్ హంటర్ దానిని ధిక్కారంగా భావించాడు. పలువురు బహిష్కృతులయ్యారు.

వారిలో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఒకడు. ఎం.ఏ. చదివినవాడు. సర్కారు కొలువు అతనికిక నిషిద్ధం. 1908లో బెజవాడ నుండి ‘స్వరాజ్య’ పత్రిక నడిపి, రాజద్రోహ నేరంపై మూడేళ్ళ శిక్ష పొందాడు. అయినా ఆ జీవితం అక్కడ ఆగలేదు. గ్రంథాలయోద్యమంలో, వయోజన విద్యలో 1960లో కన్నుమూసేదాకా సాగింది.

పట్టిసీమలో వరద చూసినవారికి తెలుసు: ఇసుక మేటలు ఏటేటా చోటు మారుతాయి, వీరభద్రుని గుడి ఉన్న గుట్ట మాత్రం నిలుస్తుంది. దానిని నిలిపేది పంతం కాదు, అడుగున ఉన్న రాయి. హరిసర్వోత్తమరావుకు ఆ రాయి ప్రజోద్యమమే. ఒక తలుపు మూసుకున్నా, పత్రికా గ్రంథాలయమూ మరో తలుపు తెరిచాయి.

అయితే బహిష్కృతులందరూ హరిసర్వోత్తమరావులు కాలేదు. ఆనాడు డిగ్రీ అంటే మధ్యతరగతి కుటుంబానికి జీవనాధారం. ఇంటి అప్పు నెత్తిన ఉన్న కుర్రవాడెవడైనా వెనుకంజ వేసి ఉంటే, అతనిని పిరికివాడనడం చరిత్ర అనిపించుకోదు. వీరుని కీర్తించి తక్కినవారిని మరచిపోతే, మనం కూడా ఆ పెద్దల తీర్పునే వల్లించినవారమవుతాం.

నేటి విద్యార్థికి బహిష్కారం కన్నా నిరుద్యోగ భయమూ, ఫీజుల బరువూ, హాస్టలు గదిలో ఒంటరితనమూ పెద్ద శత్రువులు. వీటిని తాకకుండా మనోనిబ్బరం పెంచుకొమ్మని బోధించటం, ఆకలిగొన్నవానికి ఓర్పు నేర్పటమే. వేళకు అందే స్కాలర్‌షిప్పు, తెరిచి ఉండే గ్రంథాలయం, కష్టం వినే ఉపాధ్యాయుడు, కలిసి ఆలోచించే విద్యార్థి సంఘం—ఇవీ పట్టుదలకు పునాదులు. వీటిని కోరి సాధించుకోవడమే ఒక ఆశయం. అందులో విద్యార్థితో పాటు ఉపాధ్యాయుడూ నిలవాలి.